పడవలో వేడినీళ్లు: శబరి లాంచీ నుంచి సముద్రపు తెరచాప నావ దాకా

కోంట దగ్గర శబరి ఒడ్డున నిలబడితే మూడు రాష్ట్రాలు చేతికందే దూరంలో ఉంటాయి. ఇటు ఛత్తీస్‌గఢ్, అటు ఒడిశా, దిగువన ఆంధ్రప్రదేశ్. పాత బస్తర్‌కు ఇది దక్షిణపు కొస. గోండి, కోయ, హల్బీ మాటలతో పాటు తెలుగు కూడా ఇక్కడ ఇంటి భాషే. కొరాపుట్ కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టిన ఈ నది, ఇక్కడ సీలేరును కలుపుకొని, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి కిందికి పాపికొండల దాకా లాంచీల రాజ్యం.

డీజిల్ లాంచీ ఎక్కినవాళ్లు ఒక విషయం గమనించే ఉంటారు. కొన్ని లాంచీల్లో ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పక్కనున్న చిన్న గొట్టం లోంచి నీళ్లు ధారగా నదిలో పడుతూ ఉంటాయి. ఆ ధార కింద చెయ్యి పెడితే నీళ్లు వెచ్చగా తగులుతాయి. నదిలోంచి చల్లగా లోపలికి వెళ్లినవే, ఇంజిన్ చుట్టూ తిరిగి వేడెక్కి బయటికొస్తున్నాయి. చలికాలం పొద్దున్నే ప్రయాణమైతే ఆ నీళ్లతో మొహం కడుక్కోవాలనిపిస్తుంది కూడా. సముద్రం మీద తెరచాప పడవల్లో నెలల తరబడి కాపురం ఉండేవాళ్లు వేడినీళ్లు సంపాదించుకునే పద్ధతి సరిగ్గా ఈ ధార దగ్గరే మొదలవుతుంది.

డీజిల్‌లో ఎంత వేడి ఉంది?

లెక్క తేలిగ్గా ఉండటానికి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్‌నే కొలతగా తీసుకుందాం. ఒక లీటరు డీజిల్‌ను పూర్తిగా మండిస్తే సుమారు 10 యూనిట్ల శక్తి వస్తుంది. 20 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 45 డిగ్రీలకు కాచడానికి కావలసింది దాదాపు అర యూనిట్. మంచి హీటరు డీజిల్ వేడిలో 80 శాతం నీళ్లకు చేర్చగలదనుకుంటే, ఒక మనిషి స్నానానికి 60 మిల్లీలీటర్ల డీజిల్ చాలు. చిన్న టీ గ్లాసు కూడా నిండదు.

ఇప్పుడు ఇంజిన్ సంగతి చూద్దాం. గంటకు 3 లీటర్ల డీజిల్ తాగే చిన్న ఇంజిన్‌లోకి గంటకు 30 యూనిట్లు వెళ్తాయి. అందులో ప్రొపెల్లర్‌ను తిప్పే పనికి అందేది మూడో వంతు, మహా అయితే ఇంకాస్త ఎక్కువ. మరో మూడో వంతు ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లలోకి పోతుంది. మిగిలినది సైలెన్సర్ పొగతో గాలిలోకి, ఇంజిన్ ఒంటి నుంచి చుట్టుపక్కలకు పోతుంది. అంటే లాంచీ పక్కన పడుతున్న ఆ ధారలో గంటకు 10 యూనిట్ల వేడి నది పాలవుతోంది. 20 బకెట్ల స్నానపు నీళ్ల వేడి అది.

పాత రోజుల్లో పరిస్థితి ఇంకా ఘోరం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గోదావరి మీద ఆవిరి పడవలను మధ్య భారతం దాకా నడపాలని కలగన్నాడు. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది బస్తర్ నుంచి వచ్చే ఇంద్రావతి గోదావరిలో కలిసే ప్రాంతానికి దగ్గర్లో. ఆ పథకం 1871లో ఆగిపోయింది. ఆనాటి ఆవిరి పడవలు కట్టెల వేడిలో పదో వంతు కూడా పనిగా మార్చుకోలేకపోయేవి. మిగతా తొమ్మిది వంతులూ పొగ, ఆవిరే. ఆ లెక్కన మన లాంచీ ఇంజిన్ పొదుపరే.

నాయనమ్మల రాగి బాయిలర్

ఇంజిన్ చుట్టూ తిరిగిన నీళ్లతో నేరుగా స్నానం చేయకూడదా? నదిలో అయితే చేయవచ్చేమో గానీ సముద్రంలో కుదరదు. అవి ఉప్పునీళ్లు. పైగా ఉప్పునీళ్లను 60 డిగ్రీలు దాటనిస్తే అందులోని లవణాలు గొట్టాల లోపల పెచ్చులు కడతాయి. అందుకే సముద్రపు పడవల్లోని చాలా ఇంజిన్లలో రెండు వేర్వేరు నీటి దారులుంటాయి. ఇంజిన్ లోపల మంచినీళ్లు, కూలెంట్ కలిసిన ద్రవం మూసిన వలయంలో తిరుగుతుంది. బయటి నుంచి వచ్చే సముద్రపు నీళ్లు ఆ ద్రవాన్ని తాకకుండానే, లోహపు గోడ అవతలి నుంచి దాన్ని చల్లబరిచి వెళ్లిపోతాయి.

ఒకదానితో ఒకటి కలవకుండా వేడి మాత్రమే గోడ దాటడం మనకు కొత్త కాదు. పాత ఇళ్ల పెరళ్లలో రాగి బాయిలర్ ఉండేది. నడుమ నిలువు గొట్టం, అందులో కట్టెలో బొగ్గులో నిప్పు. చుట్టూ నీళ్లు. పొగ నీళ్లలో కలవదు, నీళ్లు నిప్పు మీద పడవు. రాగి గోడ వేడిని మాత్రం ఇటు పంపిస్తుంది. పడవలోని వేడినీళ్ల ట్యాంకు ఈ బాయిలర్‌కు వరసకు మనవడు. నిప్పు గొట్టానికి బదులు, చుట్టలు చుట్టిన లోహపు గొట్టం ట్యాంకులో మునిగి ఉంటుంది. ఇంజిన్ లోంచి 80, 90 డిగ్రీల వేడితో వచ్చే కూలెంట్ ఆ చుట్టల్లో తిరిగి, తన వేడిని ట్యాంకులోని మంచినీళ్లకు ఇచ్చి, చల్లబడి మళ్లీ ఇంజిన్‌కు చేరుతుంది.

40 లీటర్ల ట్యాంకును 25 నుంచి 65 డిగ్రీలకు తేవడానికి రెండు యూనిట్ల లోపే సరిపోతుంది. లంగరు వేసే ముందు రేవులోకి రావడానికి ఎలాగూ అరగంట ఇంజిన్ నడుపుతారు. ఆ రాత్రికి స్నానాలు, గిన్నెలు తోముకోవడం అన్నీ ఆ అరగంట వేడితోనే అయిపోతాయి. అదనంగా ఒక్క చుక్క డీజిల్ కాల్చనక్కర లేదు.

ట్యాంకు చుట్టూ నాలుగు జాగ్రత్తలున్నాయి. కూలెంట్‌లో సాధారణంగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం. లోపలి చుట్టకు సూదిబెజ్జం పడితే అది స్నానపు నీళ్లలోకి వచ్చేస్తుంది. కాబట్టి తెలిసినవాళ్లు తక్కువ విషమైన ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు, ఆ కుళాయి నీళ్లు తాగరు. రెండోది, నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే ఒకటిన్నర శాతం వ్యాకోచిస్తాయి. 40 లీటర్లకు అది 600 మిల్లీలీటర్లు. నీటిని ఒత్తి చిన్నది చేయలేం కాబట్టి, ఆ పెరుగుదలకు దారి ఇచ్చే సేఫ్టీ వాల్వ్ లేకపోతే ట్యాంకు పగలాల్సిందే. ఇంట్లో గీజర్ పక్కన అప్పుడప్పుడు చుక్కలు కార్చే చిన్న వాల్వ్ పని అదే. అది కారుతోందని బిరడా కొట్టేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మూడోది, 65 డిగ్రీల నీళ్లు క్షణాల్లో ఒళ్లు బొబ్బలెక్కిస్తాయి. అలా అని ట్యాంకును గోరువెచ్చగా ఉంచితే 20 నుంచి 45 డిగ్రీల మధ్య లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని తుంపర పీలిస్తే న్యుమోనియా వస్తుంది. కనుక ట్యాంకులో 60 డిగ్రీలు ఉంచి, కుళాయికి ముందు చన్నీళ్లు కలిపే వాల్వ్ బిగిస్తారు.

ఇంజిన్ ఆపేస్తే?

తెరచాప పడవకు అసలు చిక్కు ఇక్కడే. గాలి ఉన్నంతసేపు ఇంజిన్‌తో పని లేదు. వారాల తరబడి ఇంజిన్ ముట్టుకోకుండా సాగే ప్రయాణంలో ట్యాంకు చల్లబడిపోతుంది. మరి కరెంటు గీజర్ పెట్టుకోకూడదా? పడవలో బ్యాటరీలు సాధారణంగా 12 వోల్టులవి. 2 కిలోవాట్ల గీజర్‌ను 12 వోల్టుల మీద నడపాలంటే 160 ఆంపియర్లకు పైగా కరెంటు లాగాలి. 200 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ లోంచి, అది పాడవకుండా తీసుకోగలిగింది యూనిట్‌కు కాస్త పైన. ఒక్క ట్యాంకు నీళ్లు కాచేలోపే బ్యాటరీ చతికిలపడుతుంది. ఆ తర్వాత దారి చూపే జీపీఎస్ లేదు, రేడియో లేదు, దీపం లేదు.

అందుకని చలి సముద్రాల్లో తిరిగేవాళ్లు విడిగా డీజిల్ హీటర్ పెట్టుకుంటారు. చలి దేశాల్లో లారీలకూ బస్సులకూ బిగించేది ఇదే యంత్రం. బూట్ల పెట్టె కన్నా కాస్త పెద్దది. చిన్న పంపు చుక్క చుక్కగా డీజిల్ పంపుతుంది. మెరుపుకడ్డీ లాంటి గ్లో ప్లగ్ ఎర్రగా కాలి ఆ డీజిల్‌ను ఆవిరి చేసి అంటిస్తుంది. బుల్లి ఫ్యాను బయటి నుంచి గాలి తెచ్చి మంటకు అందిస్తుంది. మంట చుట్టూ ఉన్న గోడల నడుమ కూలెంట్ తిరిగి, మనం చూసిన ట్యాంకు చుట్టల్లోకి వెళ్తుంది. ఇదీ రాగి బాయిలరే. కాకపోతే కట్టెలకు బదులు డీజిల్, ఊదుగొట్టానికి బదులు ఫ్యాను. 5 కిలోవాట్ల హీటర్ గంటకు 600 మిల్లీలీటర్ల డీజిల్ తాగుతుంది. బ్యాటరీ మీద బరువు పడేది అంటించే ఒకటి రెండు నిమిషాలే. తర్వాత ఫ్యానుకూ పంపులకూ నాలుగైదు ఆంపియర్లు చాలు.

దీనికో దుర్గుణం ఉంది. పొయ్యి కింద సన్నటి మంట పెట్టి గంటలు గంటలు వదిలేస్తే గిన్నెకు మసి పట్టినట్టు, ఈ హీటర్‌ను తక్కువ మంట మీద మాటిమాటికీ ఆపి వెలిగిస్తే లోపల మసి పేరుకుంటుంది. చివరికి అంటుకోవడం మానేస్తుంది. నడిపినప్పుడు కొంతసేపైనా పూర్తి మంట మీద నడపడమే దానికి మందు.

కంటికి కనిపించని పొగ

ఇంత చిన్న యంత్రానికి పొగగొట్టం మీద ఎందుకంత శ్రద్ధ అని అడగవచ్చు. ప్రాణం సంగతి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఇంధనానికి చాలినంత గాలి అందకపోతే కార్బన్ డయాక్సైడ్‌కు బదులు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఈ వాయువును ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుందంటే ఆక్సిజన్‌కు చోటుండదు. మొదట తలనొప్పి, వికారం, మత్తు. నిద్రలో ఉన్న మనిషికి అవీ తెలియవు. పడవ గది చాలా చిన్నది, చలికి కిటికీలన్నీ బిగించి ఉంటాయి. అలాంటి చోట పొగగొట్టానికి బీటపడితే రాత్రికి రాత్రే అందరూ పోవచ్చు. అందుకే మంచి హీటర్‌లో మంట గది గాలిని ముట్టుకోదు. గాలి బయటి నుంచి వస్తుంది, పొగ బయటికే పోతుంది. పొగగొట్టం హంస మెడలా పైకి లేచి వంగి, నీటి మట్టానికి ఎత్తున పడవ పక్క నుంచి బయటపడుతుంది. అలలు కొట్టినా నీళ్లు వెనక్కి రావు. చుట్టూ వేడిని ఆపే పట్టీ చుడతారు. ఇవన్నీ ఉన్నా, పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా హీటర్ వెలిగించరు.

ఇది పడవల వాళ్ల గొడవ అనుకోకండి. మన నగరాల్లో గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వెలిగించుకొని స్నానానికి వెళ్లి, తలుపు లోపలే పడిపోయిన వార్తలు ప్రతి చలికాలం వస్తూనే ఉన్నాయి. బస్తర్ పీఠభూమిలో, అరకు, లంబసింగి కొండల్లో రాత్రిపూట గదిలో కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి పడుకోవడమూ అలాంటిదే. బొగ్గులకు పొగ లేదు కదా అని నమ్మడమే ప్రమాదం. పొగ లేని బొగ్గుల నుంచే ఈ వాయువు ఎక్కువగా వస్తుంది. నీళ్లు కాచేటప్పుడు తల దిమ్మెక్కినట్టుంటే, ముందు మనిషి బయటి గాలిలోకి రావాలి. మిగతా ఆలోచన తర్వాత.

పొగ బయటికి పంపడంలో ఇంకో లాభం ఉంది. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పొగగొట్టం లేని స్టవ్ అయితే ఆ ఆవిరంతా గదిలోనే ఉండి, చల్లటి గోడల మీద చెమటలా పట్టి, పరుపులకు బూజు ఎక్కిస్తుంది.

ఆరుగురు, 254 రోజులు

తెలుగువాళ్లు ఇలా తెరచాప నావలో కాపురం ఉన్న సందర్భం ఉందా? ఉంది. భారత నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్‌వీ తారిణి 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చింది. నావలో ఉన్నది ఆరుగురు మహిళా అధికారులు. వర్తికా జోషి నాయకత్వంలో ప్రతిభా జామ్వాల్, పి. స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, ఎస్. విజయాదేవి, పాయల్ గుప్తా. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాద్. 254 రోజులు, సుమారు 21,600 నాటికల్ మైళ్లు, అంటే 40 వేల కిలోమీటర్లు. గోవాలోనే తయారైన తారిణి పొడవు 17 మీటర్లు. మన ఆర్టీసీ బస్సు ఒకటిన్నర ఉంటుందనుకోండి. 2024 అక్టోబర్‌లో అదే నావ మీద దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులు మాత్రమే బయలుదేరి 2025 మే నెలాఖరుకు ప్రపంచాన్ని చుట్టి వచ్చారు.

తొలి యాత్రలో అన్నిటికన్నా కఠినమైన అంకం న్యూజీలాండ్‌లోని లిటిల్టన్ నుంచి ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ దాకా. సుమారు 40 రోజులు నేల కనిపించదు. దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ 56వ దక్షిణ అక్షాంశం దగ్గర ఉంటుంది. అక్కడ నడి వేసవిలో కూడా సముద్రపు నీరు పది డిగ్రీల లోపే.

నీళ్ల లెక్క వేసి చూడండి. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకుంటే ఆరుగురికి 40 రోజులకు 960 లీటర్లు, దాదాపు టన్ను బరువు. రోజూ బకెట్ స్నానం కూడా కావాలంటే మరో 4,800 లీటర్లు. ఇంత బరువుతో నావ సాగదు. అందుకే సుదూర నావల్లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ఆర్‌ఓ యంత్రం ఉంటుంది. ఇంట్లోని ఆర్‌ఓ సూత్రమే, కానీ ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి నీటిని వాతావరణ పీడనానికి 55, 60 రెట్ల ఒత్తిడితో పొర గుండా తోయాలి. దానికి కరెంటు కావాలి, కరెంటుకు డీజిలో ఎండో కావాలి. కాబట్టి పడవలో ప్రతి చెంబు నీటి వెనుకా కొంత ఇంధనం ఉంటుంది. వేడినీళ్లయితే రెండింతల విలువ.

ఈ కరువులోంచి కొన్ని అలవాట్లు పుట్టాయి. ఒళ్లు తడుపుకొని కుళాయి కట్టేయడం, సబ్బు రుద్దుకొని మళ్లీ విప్పడం. ఇలా ఐదు లీటర్లతో స్నానం అయిపోతుంది. సముద్రపు నీళ్లతో స్నానం చేసి చివర్లో ఒక మగ్గు మంచినీళ్లు పోసుకోవడం మరో పద్ధతి. అయితే కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల సముద్రపు నీటిలో మామూలు సబ్బు నురగ రాదు. ఇంకొకటి నాకు బాగా నచ్చింది. ట్యాంకు నుంచి కుళాయి దాకా ఐదు మీటర్ల అరంగుళం గొట్టం ఉంటే, అందులో 600 మిల్లీలీటర్లకు పైగా చన్నీళ్లు నిలిచి ఉంటాయి. వేడినీళ్లు వచ్చేదాకా మనం ఇంట్లో వాటిని వదిలేస్తాం. పడవలో ఆ నీళ్లు గిన్నెలోకి పట్టి పెట్టుకుంటారు. ఆరుగురు విడివిడిగా కుళాయి విప్పితే అవి మూడున్నర లీటర్లు మరి.

వేడినీళ్లు సుఖం కోసమే కాదు. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. తడిసిన బట్టలతో చలిగాలిలో గంటలు గంటలు చుక్కాని పట్టిన మనిషి ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే వణుకు, తడబాటు, తర్వాత తికమక మొదలవుతాయి. అలాంటి మనిషిని వెంటనే మరిగే నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టాలనిపిస్తుంది గానీ అది తప్పు. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకొని రక్తపోటు పడిపోవచ్చు. తడి బట్టలు విప్పి, పొడి దుప్పటి కప్పి, వెచ్చని నీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ మీద ఉంచాలి. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వెచ్చని పానీయం ఇవ్వాలి. ఆకాశం కింద తడిసిన మనిషికి బస్తర్ అడవిలోనైనా ఇదే చికిత్స.

శబరి మీద ఇది కావాలా?

శబరి మీదైనా గోదావరి మీదైనా డీజిల్ హీటర్ దండగ అని నా అభిప్రాయం. మన దగ్గర ఒక చదరపు మీటరు మీద ఎండ రోజుకు సగటున 5 యూనిట్ల దాకా శక్తి కుమ్మరిస్తుంది. అందులో సగం పట్టినా 40 లీటర్ల ట్యాంకును 65 డిగ్రీలకు తేవచ్చు. లాంచీ పైకప్పు మీద నల్లరంగు పూసిన గొట్టం చుట్ట, దాని మీద గాజుపలక ఉంటే చాలు. ఇంజిన్ నడిచే లాంచీకైతే ఎలాగూ నదిలో పోసేస్తున్న 10 యూనిట్లున్నాయి. రాత్రి బస ఉండే లాంచీలకు ఈ రెండూ అందుబాటులోనే ఉన్నాయి.

ఒడ్డునున్న పల్లెల సంగతే వేరు. జగదల్పూర్ సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం రాత్రుళ్లు ఎముకలు కొరుకుతాయి. మూడు రాళ్ల పొయ్యి మీద కట్టెల వేడిలో నీళ్లకు చేరేది పదో వంతు, మహా అయితే ఏడో వంతు. కిలో ఎండు కట్టెలో నాలుగు యూనిట్లకు పైగా ఉన్నా, ఒక బకెట్ కాగేసరికి కిలో కట్టెలు బూడిదవుతాయి. ఐదుగురున్న ఇంటికి రోజుకు ఐదు కిలోలు, వంట కాక. అవి అడవి నుంచి మోసుకొచ్చేదీ, ఆ పొగ పీల్చేదీ ఎక్కువగా ఆడవాళ్లే. నడుమ పొగగొట్టం ఉన్న రాగి బాయిలర్ లాంటిదాన్ని ఇనుపరేకుతో చేయించినా కట్టెలు సగానికి తగ్గుతాయి. ఎండతో కాచే ట్యాంకు అయితే కట్టెలే అక్కర్లేదు. కాకపోతే ఎండనీళ్లు సాయంత్రానికి కాగుతాయి, మనకేమో స్నానం తెల్లవారుజామున. ట్యాంకు చుట్టూ నాలుగంగుళాల మందాన ఊకో, థర్మోకోలో కూరి, పైన మూత బిగిస్తే తెల్లారేసరికి వేడి కొన్ని డిగ్రీలే తగ్గుతుంది. సముద్రంలో నావవాళ్లు ట్యాంకుకు చేసేదీ ఆ పనే.